పాంచాలంకురిచ్చి కోటను కాలి అడుగులతో కొలిస్తే



వీరపాండ్య కట్టబొమ్మన గురించి రాయండి అని మనవాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. ఆయన వీరత్వం గురించి మనలో తెలియనివాళ్ళు లేరు. సినిమా డైలాగులు మన మనవళ్ళకు కూడా కంఠతా వచ్చు. అదే కథ మళ్ళీ రాయడం కన్నా ఇంకో పని చేద్దాం అనుకున్నాం. పాత పుస్తకాలు చేతిలో పట్టుకుని, యుద్ధం జరిగిన నేల మీద నడిచి, పుస్తకంలో ఉన్నది నేల మీద ఎంతవరకు కనబడుతుందో చూశాం. రిటైరైన మా నలుగురికీ కాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి, టైము కూడా బోలెడంత ఉంది. మాసి నెల ఎండ ముదరకముందే రెండు విడతలుగా వెళ్ళి వచ్చాం. ఆ సంగతులే ఈ వ్యాసం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు రెండు యుద్ధాల సంగతి

మనలో చాలామంది పాంచాలంకురిచ్చిలో ఒకే యుద్ధం జరిగిందనుకుంటారు. జరిగినవి రెండు.

మొదటిది 1799లో. 1792 ఒప్పందం ప్రకారం ఆర్కాటు నవాబు తరఫున పాళెగాళ్ళ దగ్గర కిస్తీ వసూలు చేసే హక్కు కంపెనీ చేతికి వచ్చింది. అక్కడ మొదలైన తగాదా 1798 సెప్టెంబరులో రామనాథపురంలో కలెక్టరు జాక్సన్‌తో జరిగిన గొడవలో ముదిరింది. ఆ తోపులాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 5న మేజర్ బానర్మన్ సైన్యం కోట మీద పడింది. తొలి దాడిని కోటవాళ్ళు తిప్పికొట్టారు. కానీ కంపెనీకి పాళయంకోట నుంచి అదనపు బలం వస్తోందని తెలిసి కట్టబొమ్మన కోట వదిలి వెళ్ళాడు. పుదుక్కోట తొండైమాన్ మనుషులు పట్టి అప్పగించారు. 1799 అక్టోబరు 16న కయత్తారులో, మిగతా పాళెగాళ్ళందరినీ పిలిపించి నిలబెట్టి, వాళ్ళ కళ్ళ ముందే చింతచెట్టుకు ఉరి తీశారు. కోటను నేలమట్టం చేశారు.

రెండోది 1801లో. అప్పటికి కట్టబొమ్మన లేడు. ఆయన తమ్ముళ్ళు పాళయంకోట జైలు నుంచి తప్పించుకుని వచ్చి, కూలిన కోటను మళ్ళీ కట్టి, ఫిబ్రవరి నుంచి మే దాకా కంపెనీని నిలువరించారు. సినిమా ఉరితో ముగుస్తుంది కాబట్టి మన మనసులో కూడా కథ అక్కడే ఆగిపోయింది. నేల మీద నడిచినప్పుడు మాకు ఎక్కువ ఆనవాళ్ళు దొరికింది ఈ రెండో యుద్ధానికే.

చేతిలో ఏం పట్టుకెళ్ళాం

రెండు పుస్తకాల్లోని పేజీలు జిరాక్సు తీయించుకున్నాం. ఒకటి జేమ్స్ వెల్ష్ అనే కంపెనీ అధికారి 1830లో అచ్చు వేయించిన సైనిక జ్ఞాపకాలు. ఆయన 1801 యుద్ధంలో ఉన్నవాడు, కళ్ళారా చూసినవాడు. రెండోది బిషప్ కాల్డ్‌వెల్ 1881లో రాసిన తిరునెల్వేలి జిల్లా చరిత్ర. ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ ఈయనే. వీటితో పాటు ఒక కొలత టేపు, ఒక నైలాను తాడు, ఫోనులో మ్యాపు.

వైరివాళ్ళు రాసింది ఎందుకు నమ్మాలి అని ఒక సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్న. వెల్ష్ మనల్ని పొగడడానికి రాయలేదు. తాము ఓడిన రోజు ఎందుకు ఓడామో చెప్పుకోవడానికి కోట ఎంత పొడవు, గోడ ఎంత ఎత్తు అని వివరంగా రాశాడు. శత్రువు లెక్కలో మన ప్రతాపం కనబడితే అది గట్టి సాక్ష్యం. జానపద పాటలు మనకు ఉన్నాయి, వాటి విలువ వాటిదే. నేలను కొలవడానికి మాత్రం అడుగుల లెక్క కావాలి.

ఒట్టపిడారం నుంచి నడక

ఒట్టపిడారంలో బస్సు దిగి అక్కడి నుంచి నడిచాం. సుమారు మూడు మైళ్ళు. ఈ ఊరి పాత పేరు అళగియ వీరపాండ్యపురం. జగవీర పాండ్యుడి దగ్గర కొలువుకు చేరిన గట్టిబొమ్ము అనే తెలుగు నాయకుడి వంశమే తర్వాత ఈ పాళెం ఏలిందని చెప్పుకుంటారు. గట్టిబొమ్ము తమిళ నోళ్ళలో కట్టబొమ్మన్ అయ్యాడు. మన ఇళ్ళలో పేర్లు కూడా ఇలాగే మారాయి కదా!

ఇంకో విశేషం. కప్పలోట్టియ తమిళన్ వ.ఉ.చిదంబరం పిళ్ళై పుట్టింది ఈ ఒట్టపిడారంలోనే, 1872 సెప్టెంబరు 5న. బానర్మన్ కోట మీద పడింది కూడా సెప్టెంబరు 5నే. డెబ్భై మూడేళ్ళ తేడా. ఇది కాకతాళీయమే, కానీ దారిలో ఈ మాట రాగానే నడక కాస్త తేలికైంది.

నేల ఎలా ఉందో చెప్పాలి. అంతా చదును. కొండ లేదు, గుట్ట లేదు, దాక్కోవడానికి లోయ లేదు. కరిసల్ భూమి అంటారు ఇక్కడ, మన మాటలో నల్లరేగడి. పత్తి, మినుము, మొక్కజొన్న పండుతాయి. వానకు కాలు పెడితే చెప్పు ఊడి రాదు, ఎండకు చెయ్యి పట్టేంత పగుళ్ళు. ఈ చదునులో పన్నెండు అడుగుల గోడ మీద నిలబడినవాడికి ఒట్టపిడారం వైపు నుంచి వచ్చే సైన్యం చాలా ముందే కనబడుతుంది. వచ్చేవాడికి మాత్రం ఏ మరుగూ లేదు. ఇది పటం చూస్తే తెలియదు, నడిస్తేనే తెలుస్తుంది.

ఫొటో దిగే కోట, అసలు కోట

ఊరు చేరగానే ఎదురుగా కనబడే కోట ద్వారం, గోడలు 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించిన స్మారకం. లోపల గోడల మీద ఆయన చరిత్ర బొమ్మలు ఉన్నాయి. చాలా బాగుంటుంది, ప్రభుత్వం చేసిన మంచి పని. కానీ మనవాళ్ళు అక్కడ ఫొటో దిగి కట్టబొమ్మన కోట అని పెట్టుకుని, చూడడం అయిపోయింది అని బస్సెక్కుతారు. అసలు కోట పక్కనే ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న పునాదుల ఆనవాళ్ళు, మట్టి దిబ్బ. సినిమా చూసిన కళ్ళు ఎత్తైన రాతి బురుజుల కోసం వెతుకుతాయి కాబట్టి ఆ దిబ్బ కంటికి ఆనదు. జక్కమ్మ తల్లి గుడి దగ్గర దండం పెట్టుకుని మేము ఆ వైపు వెళ్ళాం.

వెల్ష్ లెక్క ఇది. కోట ఒక వంకర దీర్ఘచతురస్రం. రెండు వైపులు సుమారు 500 అడుగులు, మిగతా రెండు వైపులు సుమారు 300. మొత్తం మట్టి. గోడ 12 అడుగుల ఎత్తు. చిన్న చదరపు బురుజులు, వాటి మీద కొన్ని పాత తుపాకులు. చుట్టూ దట్టమైన ముళ్ళకంచె. కందకం లేదు.

పునాదుల మీద తొక్కకూడదు కాబట్టి పక్కనే ఖాళీగా ఉన్న పొలంలో, ఆ పొలం ఆసామిని అడిగి, తాడుతో ఆ కొలతలు గుర్తు పెట్టి నడిచి చూశాం. పొడుగు వైపు రెండు వందల అడుగులు వేస్తే అయిపోయింది. అడ్డం వైపు నూట ఇరవై. చుట్టూ తిరిగి రావడానికి పది నిమిషాలు పట్టలేదు. రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి మా లెక్కలో చెబుతాం. ఆ కోట పొడవు ఏడు పెట్టెల ప్యాసింజరు బండి నిలబడేంత. మొత్తం విస్తీర్ణం మూడున్నర ఎకరాలకు లోపు. మనలో చాలామంది తాతల నాటి పొలం దీనికన్నా పెద్దది.

మాలో ఒకరు తాడు చుట్టేస్తూ, “ఇంతేనా?” అన్నారు. ఇంతే. ఇంత చిన్న మట్టి కోట కోసం కంపెనీ రెండుసార్లు సైన్యాన్ని నడిపించింది, రెండుసార్లూ తొలి దాడిలో ఓడింది. కోట పెద్దది కాకపోవడం మనకు చిన్నతనం కాదు. లోపల ఉన్న మనుషులు ఎలాంటివాళ్ళో ఆ కొలతే చెబుతుంది.

మట్టి చేసిన పని

రాయి కోటకు ఫిరంగి గుండు తగిలితే రాయి పగులుతుంది, ఊడిపడుతుంది. మట్టి గోడకు తగిలితే గుండు లోపలికి దిగబడి ఆగిపోతుంది. ఈ మట్టి చాలా గట్టిదని, బాగా అంటుకునేదని వెల్ష్ ప్రత్యేకంగా రాశాడు. ఆ ఊరి పొలంలో గుప్పెడు మట్టి తీసుకుని నీళ్ళు పోసి పిసికి ఎండలో పెట్టాం. మధ్యాహ్నానికి పెంకులా అయింది. కూలగొట్టిన కోటను రోజుల్లో మళ్ళీ కట్టగలగడానికి కూడా ఇదే కారణం. రాయి తేనక్కర్లేదు, సున్నం కాల్చనక్కర్లేదు. నేలే కోట. కావలసింది చేతులు. 1801 ఫిబ్రవరిలో ఆ చేతులు వేల సంఖ్యలో వచ్చాయి.

ముళ్ళ విషయంలో ఒక జాగ్రత్త

ఇప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళు చుట్టూ పెరిగిన ముళ్ళచెట్లు చూసి ఇదే ఆనాటి ముళ్ళకంచె అని పిల్లలకు చూపిస్తారు. అది కాదు. ఇప్పుడు కనబడేది ఎక్కువగా సీమై కరువేలం, తెలుగునాట సర్కారు తుమ్మ అంటారు. అది దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన చెట్టు. ఈ దేశంలో నాటడం మొదలైందే 19వ శతాబ్దం చివరి భాగంలో. 1801లో ఇక్కడ ఉన్నవి ఈ నేలకు సొంతమైన తుమ్మలు, ఉడై ముళ్ళు. పాత యుద్ధభూమిని వెతికేవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. కంటికి కనబడేదంతా పాతది కాదు. చెట్టు, రోడ్డు, కాలువ, కరెంటు స్తంభం ఒక్కొక్కటీ ఎప్పుడు వచ్చిందో అడిగి తీసివేసుకుంటూ పోవాలి. చివరికి మిగిలేది నేల వాలు, మట్టి రంగు, ఊళ్ళ మధ్య దూరం, సమాధులు.

మార్చి 31 నాటి సంగతి

1801 మార్చి 31న మేజర్ మెకాలే సైన్యం కోట గోడకు ఒక చోట గండి కొట్టి దాడి చేసింది. ముళ్ళకంచె దాటారు, గండి దాకా వచ్చారు. గండి పైకి ఎక్కినవాడు ఎక్కినట్టే పడిపోయాడు. ఎవరు పొడుస్తున్నారో బయటవాళ్ళకు కనబడలేదు. తర్వాత కోట చేతికి వచ్చాక చూస్తే, బురుజు లోపల డొల్లగా ఉంది. మనవాళ్ళు కింద నిలబడి, మనిషికి మూడింతల పొడవున్న బరిసెలతో పైకి వచ్చినవాణ్ణి పొడిచారు. ఆ రోజు దాడికి దూకిన తెల్ల సైనికుల్లో సగానికి మించి చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది.

తాడు కట్టిన పొలంలో మేము ఒక పొడవాటి వెదురు కర్ర పట్టుకుని నిలబడి చూశాం. పన్నెండు అడుగుల గోడ అంటే ఇద్దరు మనుషుల ఎత్తు. పద్దెనిమిది అడుగుల కర్ర ఆ గోడ పైభాగాన్ని దాటి ఇంకా ఆరడుగులు పైకి పోతుంది. కింద ఉన్నవాడికి తుపాకీ గుండు తగలదు, పైన ఉన్నవాడికి తప్పించుకునే చోటు లేదు. పుస్తకంలో రెండు మూడు సార్లు చదివినా అర్థం కానిది కర్ర పట్టుకోగానే అర్థమైంది.

ఆ ఓటమి తర్వాత కంపెనీ సైన్యం వెంటనే మళ్ళీ దాడి చేయలేదు. కోట ఎదుట మకాం వేసి కొత్త బలం కోసం కూర్చుంది. కర్నల్ అగ్న్యూ పెద్ద ఫిరంగులతో వచ్చాక, మే 24న కోట పడింది. మధ్యలో యాభై నాలుగు రోజులు. అంటే పంగుని చివర నుంచి వైకాసి దాకా, ఈ కరిసల్ నేల నిప్పులు చెరిగే కాలం. ఆ మూడున్నర ఎకరాల్లో, ఆ ఎండలో, నీళ్ళకూ తిండికీ ఎంత కటకటో ఊహించుకోండి.

సమాధులు

యుద్ధభూమిలో కదలనివి సమాధులు. 1799లోనూ 1801లోనూ చనిపోయిన కంపెనీ అధికారుల సమాధులు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. వాటి మీద రాతలను కాల్డ్‌వెల్ తన పుస్తకంలో ఎక్కించాడు. ఎండలో పీనుగులను దూరం మోయరు కాబట్టి, సమాధులు ఉన్న చోటికి దగ్గరలోనే వాళ్ళ దండు దిగి ఉండాలి. యుద్ధభూమిని పోల్చుకోవడానికి అదొక గట్టి గుర్తు.

ఆ రాళ్ళ దగ్గర నిలబడితే ఇంకో మాట కూడా తట్టింది. వాళ్ళకు పేరు, తేదీ, రాయి ఉన్నాయి. కోట లోపల చచ్చిపోయినవాళ్ళకు ఒక్క రాయి లేదు. కంపెనీ తరఫున చచ్చిపోయిన మన దేశపు సిపాయిలకు కూడా లేదు. ఆ రెండు వైపుల పేదవాళ్ళూ ఈ పొలాల్లోనే కలిసిపోయారు.

రెండు వైపులా మనవాళ్ళే

ఇది రాయకుండా వదిలేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. రాయకపోతే ఈ నడకకు అర్థం లేదు.

పాంచాలంకురిచ్చికి ఉత్తరాన, సైకిలు మీద ఒక పూటలో చేరగల దూరంలో ఎట్టయపురం ఉంది. ఎట్టయపురం పాళెగాళ్ళూ తెలుగువాళ్ళే, రాజకంబళం నాయకర్లే, చంద్రగిరి నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్ళే. వాళ్ళు కంపెనీ వైపు నిలబడ్డారు. పాంచాలంకురిచ్చి భూములు పంచినప్పుడు వాటా తీసుకున్నారు. ఇంట్లో ఒకే భాష మాట్లాడే రెండు పాళెలు ఎదురెదురుగా నిలబడ్డాయి.

ఇటు కట్టబొమ్మన వైపు చూస్తే, ఆయన కోసం నిలబడినవాళ్ళలో వల్లనాడు వెళ్ళైయ తేవర్, కవర్ణగిరి సుందరలింగం, దానాపతి సుబ్రమణ్య పిళ్ళై ఉన్నారు. వీళ్ళెవరూ మన కులం కాదు, మన భాష కాదు. పిళ్ళైని నాగలాపురంలో ఉరి తీశారు. వెళ్ళైయ తేవర్‌కు వల్లనాడులో, సుందరలింగానికి కవర్ణగిరిలో స్మారక మండపాలు ఉన్నాయి. మన సంఘాల బస్సులు పాంచాలంకురిచ్చికి వెళ్తాయి, ఆ రెండు ఊళ్ళలో ఆగవు. ఆగాలి అని మా విన్నపం. కట్టబొమ్మన మనవాడు అని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. మనవాడు మాత్రమే అని చెప్పుకునే హక్కు ఆ నేల మనకు ఇవ్వలేదు.

మూగదొర, ఒక తల్లి

కట్టబొమ్మన తమ్ముడు కుమారస్వామిని అందరూ ఊమైదురై అంటారు. మన మాటలో మూగదొర. 1801 ఫిబ్రవరి 2 రాత్రి, దొరలు విందులో ఉండగా, ఆయన, ఇంకో తమ్ముడు సెవత్తయ్య, తోటివాళ్ళు పాళయంకోట జైలు నుంచి బయటపడ్డారు. అక్కడి నుంచి పాంచాలంకురిచ్చికి సుమారు ముప్పై మైళ్ళు. తెల్లవారేసరికి సొంత ఊళ్ళో ఉన్నారు. ఆ దారి అంతా నడవడం మా వయసుకు కుదరలేదు, బస్సులో పోయాం. బస్సులోనే నడుం నొప్పి పుట్టింది. జైల్లో పదహారు నెలలు ఉన్న మనుషులు ఒక్క రాత్రిలో దాటారు. వారం గడవకముందే కోట లేచి నిలబడింది. దాన్ని చూసి వెల్ష్ బృందం నివ్వెరపోయింది.

మే 24 తర్వాత జరిగిన ఒక సంగతిని కూడా వెల్ష్ రాశాడు. కోట పడ్డాక ఒక తల్లి, చచ్చిపడినవాళ్ళ మధ్య కొడుకును వెతుక్కుంటూ వెళ్ళింది. కొడుకు కొన ఊపిరితో ఉన్నాడు. నన్ను వదిలెయ్యి, పక్కనే పడి ఉన్న దొరను కాపాడు అన్నాడు. ఆమె, తోటి ఆడవాళ్ళు గాయపడిన ఊమైదురైని మూడు మైళ్ళ దూరంలోని ఊరికి మోసుకుపోయారు. వెతుకుతూ ఎట్టయపురం మనుషులు వచ్చారు. ఆడవాళ్ళు ఆయన మీద గుడ్డ కప్పి, అమ్మవారు పోసి చచ్చిపోయిన కుర్రవాడు అని ఏడ్చారు. వచ్చినవాళ్ళు భయపడి పారిపోయారు. ఆ తల్లి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కొడుకును కళ్ళ ముందు పోగొట్టుకుంటూ వేరొకరి బిడ్డను మోసిన ఆ తల్లికి మన సభల్లో ఒక్క దండం కూడా పెట్టలేదు మనం.

ఊమైదురై శివగంగ మరుదు సోదరులను చేరి మళ్ళీ పోరాడాడు. మరుదు సోదరులను అక్టోబరు 24న తిరుప్పత్తూరులో ఉరి తీశారు. ఊమైదురైనీ సెవత్తయ్యనూ 1801 నవంబరు 16న పాంచాలంకురిచ్చికే తీసుకొచ్చి ఉరి తీశారు. కోట చోటు దున్నించారు, ఊరి పేరే లెక్కల్లో లేకుండా చేశారు. పేరు తీసేసినా ఊరు పోలేదు. ఇప్పుడు బస్సు బోర్డు మీద ఉంది.

సంఘానికి మా విన్నపాలు

ఒకటి. వచ్చే యాత్రలో స్మారక కోట దగ్గర ఫొటో దిగాక, అరగంట అసలు కోట వైపు కేటాయిద్దాం. పునాదుల మీద ఎక్కవద్దు, మట్టి, పెంకు జ్ఞాపకంగా ఇంటికి తేవద్దు. అందరూ గుప్పెడు తెస్తే కొన్నేళ్ళకు దిబ్బే ఉండదు.

రెండు. పిల్లల చేత బయట ఖాళీ నేల మీద రెండు వందల అడుగులు, నూట ఇరవై అడుగులు నడిపిద్దాం. డైలాగు కన్నా అది ఎక్కువకాలం గుర్తుంటుంది.

మూడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. పొలాలకు, చెరువు గట్లకు, బాటలకు వాళ్ళ నోట ఉన్న పేర్లు ఏ పటంలోనూ లేవు. ఫోనులో రికార్డు చేయండి. తమిళంలో రాసినా సరే. మేము కూడా తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళమే, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక దిద్దుకున్నాం. ఏ లిపిలో రాశారన్నది ముఖ్యం కాదు, ఆ ముసలివాళ్ళు ఉండగానే రాయడం ముఖ్యం.

నాలుగు. దారిలో కయత్తారులో ఆగండి. ఆ చింతచెట్టు ఇప్పుడు లేదు. నటుడు శివాజీ గణేశన్ అక్కడ స్థలం కొని 1970లో నిలబెట్టించిన విగ్రహం ఉంది. తర్వాత వల్లనాడు, కవర్ణగిరి. ఒక్క రోజులో అన్నీ చూడవచ్చు. బస్సు, రైలు టైములు కావలసినవాళ్ళు అడగండి, ఆ పని మాకు ఇంకా చేతనవును.

తర్వాతి విడత కోలార్‌పట్టి, నాగలాపురం వైపు నడవాలని అనుకుంటున్నాం. వచ్చేవాళ్ళు గట్టి చెప్పులు, గొడుగు, నీళ్ళ సీసా తెచ్చుకోండి. సెలవు.